ఆ డబ్బాకు గాలి దారి ఇవ్వండి: హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంఘాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు నమస్కారం.

నేను సీసీ కెమెరాలు, ఇంటర్నెట్ ర్యాకులు, యూపీఎస్‌లు చూసే సర్వీస్ టెక్నీషియన్‌ని. పదిహేడేళ్లుగా ఇదే పని. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఎన్ని అపార్ట్‌మెంట్ల మెట్లు ఎక్కి దిగానో లెక్కలేదు. ఉగాది దాటిందంటే నా ఫోన్ ఆగదు. "కెమెరాలు మధ్యాహ్నం పోతున్నాయి, రాత్రికి వస్తున్నాయి." "నెట్ రెండింటికి ఆగిపోతుంది, ఏడింటికి దానంతటదే వస్తుంది." "యూపీఎస్ ఒకటే అరుపు." "పోయినేడాది వేసిన బ్యాటరీ అప్పుడే ఉబ్బిపోయింది." ఫోన్ చేసేవాళ్లు వేరు, బిల్డింగులు వేరు, జబ్బు మాత్రం ఒక్కటే. మధ్యాహ్నం పడకేసి, పొద్దుగూకాక తనంతట తానే లేచి కూర్చునే రోగం దాదాపు ప్రతిసారీ వేడి రోగమే.

వెళ్లి చూస్తే కనబడేది కూడా దాదాపు ఒకటే. టెర్రస్ మీద మెట్ల గదిలోనో, సెల్లార్‌లో మీటర్ల పక్కనో గోడకు బిగించిన ఇనుప డబ్బా. దానికి తాళం. పైన దుమ్ము పట్టి తిరగడం మానేసిన ఫ్యాన్. లోపల కెమెరా బొమ్మలను డిస్క్‌లో రికార్డు చేసే ఎన్‌వీఆర్, కెమెరాల, నెట్ కేబుళ్లను కలిపే స్విచ్, ఫైబర్ నెట్ వాళ్ల డబ్బా, నాలుగైదు అడాప్టర్లు, మిగిలిన సందులో కుక్కిన యూపీఎస్. తలుపు తెరవగానే మొహానికి కొట్టే ఆ వేడి నాకు ఎంత అలవాటైనా ప్రతిసారీ బాధగానే ఉంటుంది. ఎందుకంటే అందులో చచ్చిపోయిన ప్రతి వస్తువూ ఇంకో నాలుగేళ్లు బతకాల్సింది.

మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఆ డబ్బాలో పుట్టే వేడి బయటికి పోవడానికి దారి ఉందో లేదో చూడండి. కొత్త సామాను కొనేముందు చూడండి. ఏసీ పెట్టించాలని తీర్మానం రాసేముందు చూడండి. టెక్నీషియన్‌ని మార్చేముందు కూడా చూడండి.

ఈ ఉత్తరం ఇప్పుడు రాయడానికి కారణం పోయిన ఎండాకాలం జరిగిన ఒక సంగతి. ఏ కాలనీ, ఏ బిల్డింగ్ అన్నది చెప్పను. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. సెల్లార్ నుంచి ఒక బైక్ పోయింది. పొద్దున్నే కమిటీ వాళ్లు కెమెరా రికార్డింగ్ తీయబోతే ఏమీ లేదు. ఆ రాత్రిదే కాదు, అంతకుముందు పదకొండు రోజులవీ లేవు. నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికి సెల్లార్‌లో పది మంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. "కెమెరా ఎవరు ఆపారు?" అని ఒకాయన గట్టిగా అడుగుతున్నారు. గేటు దగ్గర టీవీలో బొమ్మలు మామూలుగానే కదులుతున్నాయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. డిస్క్ పోయినా లైవ్ బొమ్మ వస్తూనే ఉంటుంది, రికార్డింగ్ ఒక్కటే ఆగుతుంది. ఈ ముక్క చాలామందికి తెలియదు.

టెర్రస్ మీదికి వెళ్లాం. డబ్బా తాళం చెవి ఎవరి దగ్గరా లేదు. పాత సెక్రటరీ గారి దగ్గర ఉండొచ్చన్నారు, ఆయన ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయారట. స్క్రూడ్రైవర్ పెట్టి తాళం విరగ్గొట్టాం. టైమ్ మధ్యాహ్నం మూడుంపావు. మెట్ల గదిలో నీడన నా థర్మామీటర్ 41 చూపించింది. దాని తీగను తలుపు సందులోంచి లోపలికి దూర్చి, తలుపు మళ్లీ మూసి పది నిమిషాలు ఆగాను. 59 చూపించింది. డిస్క్ తీసి చేతిలో పట్టుకుంటే పట్టుకోలేకపోయాను, చొక్కా కొంగుతో పట్టుకుని కింద పెట్టాను. ఎన్‌వీఆర్ మెనూలో పాత లాగ్ చూస్తే డిస్క్ ఎర్రర్ పదకొండు రోజుల కిందటే నమోదైంది. అలాంటప్పుడు ఆ యంత్రం కూత పెడుతుంది. ఆ కూత ఎప్పుడో ఎవరికో చిరాకు పుట్టించింది కాబోలు, మెనూలో దాన్ని ఆపేసి ఉంచారు.

నేను కిందికి వచ్చి, ఎవరూ ఆపలేదు, వేడికి డిస్క్ పోయింది అని చెప్పాను. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు. పదిమందిలో పడిన మాట వెనక్కి పోదు కదా. నేను బ్యాగ్ సర్దుకుంటుంటే వాచ్‌మన్ మెల్లగా దగ్గరికి వచ్చి, "ఆ వీడియో ఉంటే నాకు ఈ మాట రాకపోతుండె సార్" అన్నాడు. నెల తిరిగేసరికి ఆ కుటుంబం గది ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయింది. కొత్త డిస్క్ వేయడానికి వెళ్లినప్పుడు చూశాను, ఆ గది తలుపుకు తాళం వేసి ఉంది.

ఆ డబ్బాను అక్కడ బిగించింది నాలాంటి టెక్నీషియన్లే. కేబుల్ తక్కువ పడుతుందని, పిల్లలకు అందదని టెర్రస్ మీద పెడతాం. ఇందులో మా వాళ్ల తప్పు ఉంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఒకసారి బిగించాక దాని మంచీచెడూ చూడాల్సింది మీరే.

ఇప్పుడు ఆ 59 ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. ఇది పెద్ద సైన్స్ కాదు, మెయింటెనెన్స్ లెక్కలు రాసుకునేవారికి సులువుగానే అర్థమవుతుంది.

ఎలక్ట్రానిక్ వస్తువు తాగే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఫ్యాన్ అయితే గాలిని కదుపుతుంది, మోటార్ అయితే నీళ్లను పైకి తోస్తుంది. ఎన్‌వీఆర్ మోసేదీ లేదు, ఎత్తేదీ లేదు. ముప్పై వాట్లు తాగితే ముప్పై వాట్ల వేడిని కక్కుతుంది. కెమెరాలకు స్విచ్ నుంచి కేబుల్ మీద పోయే కరెంటు మాత్రం మినహాయింపు. అది కెమెరా దగ్గర ఖర్చవుతుంది కాబట్టి ఆ వేడి అక్కడే పుడుతుంది, స్విచ్‌లో మిగిలేది దాన్ని మార్చడంలో పోయే నష్టం మాత్రమే. ఇవన్నీ కలిపి ఆ డబ్బాలో నేను లెక్కగట్టింది సుమారు 90 వాట్లు. పాతకాలం గుండు బల్బులో పెద్దదాన్ని ఒక ఇనుప పెట్టెలో పెట్టి, మూసి, రాత్రింబవళ్లు వెలిగించినట్టు.

మూసిన ఇనుప పెట్టె తన ఒంటి మీదుగానే వేడిని వదలాలి. గాలి ఆడని చోట చదరపు మీటరు ఇనుప రేకు, లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు ఐదున్నర వాట్లు వదులుతుంది. గోడకు బిగించే 6యూ డబ్బాకు (యూ అంటే ర్యాకు ఎత్తు కొలత), గోడకు ఆనిన వెనకవైపు తీసేస్తే, అటూ ఇటూగా 1.1 చదరపు మీటర్ల ఒళ్లు ఉంటుంది. అంటే డిగ్రీకి ఆరు వాట్లు. 90 వాట్లు బయటికి పోవాలంటే లోపల బయటికన్నా 15 డిగ్రీలు ఎక్కువ ఉండి తీరాలి. మిగతా మూడు డిగ్రీలు ఆ డబ్బా బిగించిన పడమటి గోడ ఇచ్చిన కానుక. మధ్యాహ్నమంతా ఎండలో కాలిన గోడ రాత్రి దాకా సెగ వదులుతూనే ఉంటుంది, మీకు తెలిసిందే.

అదే డబ్బా ఎండలోనే ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. నడినెత్తిన ఎండ చదరపు మీటరుకు దగ్గర దగ్గర 1000 వాట్లు. డబ్బా పైకప్పు పావు చదరపు మీటరు ఉన్నా 250 వాట్లు పడతాయి. ముదురు రంగు డబ్బా అయితే అందులో ఎక్కువ భాగం మింగేస్తుంది. లోపలి సామాను పుట్టించే వేడి కన్నా నెత్తిన పడే ఎండే ఎక్కువవుతుంది. అందుకే బయట పెట్టక తప్పని డబ్బాలకు తెల్ల రంగు వేయమని, పైన నాలుగంగుళాల సందు వదిలి ఇంకో రేకు గొడుగులా బిగించమని చెబుతుంటాను. ఆ సందులోంచి గాలి పోతుంటే పై రేకు కాలినా కింది డబ్బాకు ఆ సెగ తగలదు. వెల్డింగ్ షాపులో గంట పని.

మన పెద్దవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పాత ఇళ్లలో కప్పుకు దగ్గరగా వెంటిలేటర్లు ఉండేవి. పాతబస్తీ ఇళ్లలో రోషన్‌దాన్ అంటారు. వేడెక్కిన గాలి తేలికై పైకి వెళ్లి వాటిలోంచి బయటపడేది, కింద తలుపులోంచి, కిటికీలోంచి కొత్త గాలి వచ్చేది. ఇనుప డబ్బాకు కావలసింది కూడా అంతే. కింద ఒక దారి, పైన ఒక దారి. కింద చల్లగాలి రావాలి, సామాను మీదుగా పోవాలి, పైనుంచి వెళ్లిపోవాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా మిగతా రెండూ ఉండీ ఉపయోగం లేదు.

నేను చూసే డబ్బాల్లో ఎక్కువగా లేనిది కింది దారి. పైన రెండు ఫ్యాన్లు బిగించి ఉంటాయి, కింద మాత్రం కేబుల్ రంధ్రాలు కూడా బల్లులు దూరతాయని టేపుతో మూసి ఉంటాయి. లోపలికి గాలే రానప్పుడు ఫ్యాన్ ఏం లాగుతుంది? అక్కడక్కడే తిరుగుతుంది. ఇంకో రకం కూడా ఉంది. ఫ్యాన్ పక్కనే చిల్లులుంటాయి. ఫ్యాన్ ఆ చిల్లుల్లోంచే గాలి లాక్కుని పైకి వదిలేస్తుంది, కింద ఉడుకుతున్న స్విచ్ దగ్గరికి ఒక్క పిసరు గాలి కూడా పోదు. బయట నిలబడి చూస్తే ఫ్యాన్ తిరుగుతోంది, గాలి తగులుతోంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. తలుపు మూసి, కింది చిల్లుల దగ్గర ఒక టిష్యూ కాగితం ముక్క పట్టుకోండి. కాగితం లోపలికి అతుక్కోవాలి. ఊరికే వేలాడుతుంటే ఆ డబ్బాకు ఊపిరి లేనట్టే. అగరుబత్తి పొగతో కూడా తెలుస్తుంది కానీ బ్యాటరీలున్న చోట నిప్పు వద్దు, కాగితమే మంచిది.

ఎంత గాలి కావాలి అంటే చాలా కొంచెం. 100 వాట్ల వేడిని పది డిగ్రీల పెరుగుదలతో బయటికి మోయడానికి గంటకు 30 ఘనపు మీటర్ల గాలి చాలు. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి గాలి కాస్త పలచన, ఇంకో ఐదు శాతం కలుపుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ అడ్డేమీ లేనప్పుడు గంటకు 150 దాకా తోస్తుంది. జాలీ, ఫిల్టరు పెడితే సగానికి పడిపోయిందనుకున్నా అవసరానికి రెట్టింపు ఉంటుంది. కొన్ని వందల రూపాయల వస్తువు. దాని చట్రం మీద చిన్న బాణాలు ఉంటాయి, గాలి ఎటు పోతుందో చెప్పేవి. తిరగేసి బిగించిన ఫ్యాన్లు నేను లెక్కలేనన్ని చూశాను.

ఫ్యాన్‌ను పైన లాగేలా పెట్టాలా, కింద తోసేలా పెట్టాలా అని అడిగితే నా ఓటు కిందికే. పైన లాగితే డబ్బాకున్న ప్రతి సందులోంచి దుమ్ము లోపలికి వస్తుంది. మన నగరంలో పక్క ప్లాట్‌లో ఎప్పుడూ ఏదో కట్టడం నడుస్తూనే ఉంటుంది, గ్రానైట్ కోస్తూనే ఉంటారు. కింద ఫిల్టరు పెట్టి లోపలికి తోస్తే శుభ్రమైన గాలి లోపల నిండి, సందుల్లోంచి బయటికి పోతుంది, దుమ్ము రాదు. పైగా ఫ్యాన్ వేడిగాలిలో కాకుండా చల్లగాలిలో తిరుగుతుంది కాబట్టి దాని బేరింగ్ ఎక్కువ కాలం వస్తుంది. కానీ ఫిల్టరు కడగకపోతే అదే ఫిల్టరు గోడలా తయారవుతుంది. ఎండాకాలంలో నెలకోసారి కడగాలి. కడిగి, ఆరాకే పెట్టాలి.

ఫ్యాన్ గురించి ఒక మాట సూటిగా చెప్పాలి. బయటి గాలి కన్నా చల్లగా ఫ్యాన్ ఏ వస్తువునూ చేయలేదు. బయట 42 ఉంటే లోపల 42 కన్నా దిగదు. చాలా రౌటర్లు, స్విచ్‌ల డబ్బా మీద 40 డిగ్రీల దాకానే అని రాసి ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత ఉన్న దేశం మనది. టెర్రస్ మీద మే నెలలో ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా ఆ హద్దు దాటడం ఖాయం. కాబట్టి వీలైతే చోటు మార్చండి. ఉత్తరం వైపో, తూర్పు వైపో నీడ గోడ, కింది అంతస్తుల్లో మెట్ల పక్క. సెల్లార్ చల్లగానే ఉంటుంది కానీ 2020 అక్టోబరు వానలు మరిచిపోకండి. ఆ వారం సెల్లార్లలో నీళ్లలో మునిగిన సామాను ఎంత విప్పి ఆరబెట్టానో నాకు గుర్తుంది. సెల్లార్‌లో పెడితే మనిషి ఛాతీ ఎత్తుకు తగ్గకుండా పెట్టండి.

వేడి వల్ల ఒక్కసారే పోయేవి కొన్ని, రోజూ కొంచెం కొంచెం చచ్చేవి కొన్ని. రెండో రకం మీ కోశాధికారి గారిని ఎక్కువ బాధపెడుతుంది. యూపీఎస్‌లోని సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టి చెబుతారు. ఆపైన ప్రతి ఎనిమిది, పది డిగ్రీలకు ఆయుష్షు సగానికి పడిపోతుంది. నాలుగేళ్లు రావాల్సిన బ్యాటరీ 35 డిగ్రీల్లో రెండేళ్లు, 45లో ఒక్క ఏడాది. "కంపెనీ మంచిది కాదు" అని ఇంకో కంపెనీది కొంటారు, అదీ ఏడాదికే ఉబ్బుతుంది. తప్పు కంపెనీది కాదు. వేడెక్కిన బ్యాటరీని మామూలు వోల్టేజీతోనే ఛార్జ్ చేస్తుంటే అది ఇంకా వేడెక్కుతుంది, ఇంకా కరెంటు లాగుతుంది, లోపలి వాయువు బయటికి తన్నుతుంది. అందులో హైడ్రోజన్ ఉంటుంది. అందుకే బ్యాటరీని గాలాడని డబ్బాలో ఎప్పుడూ పెట్టకూడదు. పోయినేడాది ఒక ర్యాకులోంచి ఉబ్బిన బ్యాటరీని తీయడానికి గంట పట్టింది. పక్కలు పొంగి రెండు రేకుల మధ్య ఇరుక్కుపోయింది, రేకు వంచితే గానీ రాలేదు. యూపీఎస్‌ను డబ్బాలోంచి బయటికి తీసి కింద విడిగా పెట్టండి. వైరు రెండు మీటర్లు ఎక్కువ పడుతుంది, అంతే.

అడాప్టర్లు, స్విచ్‌లు పోవడానికి పెద్ద కారణం లోపలి కెపాసిటర్లు. వాటి మీద 105 డిగ్రీలు అని, డేటా షీటులో 2000 గంటలు అని ఉంటుంది. అది ఆ ఘోరమైన వేడిలో లెక్క. పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపు. కెపాసిటర్ దగ్గర 65 డిగ్రీలుంటే 32 వేల గంటలు, మూడున్నరేళ్ల పైచిలుకు. అదే 45 అయితే 1 లక్షా 28 వేల గంటలు, పద్నాలుగేళ్లు దాటుతుంది. ఇవి కాగితం మీది లెక్కలే, వేరే కారణాలతోనూ పోతాయి. అయినా ఇరవై డిగ్రీల తేడా అంటే ఎంతో చూడండి. ఆ ఇరవై డిగ్రీలు ఒక ఫ్యాన్, ఒక ఫిల్టరు, ఒక నీడ గోడ ఇవ్వగలవు.

డబ్బాలో సామాను పేర్చే తీరు మీదా కాస్త దృష్టి పెట్టించండి. ఒకదాని మీద ఒకటి ఆనించి పేరిస్తే కిందిదాని వేడి పైదానికి ఎక్కుతుంది. మధ్యలో ఒక్క యూ, అంటే 44 మిల్లీమీటర్ల సందు వదిలితే చాలా తేడా కనిపిస్తుంది. డిస్క్ ఉన్న ఎన్‌వీఆర్ కింద ఉండాలి, అక్కడే గాలి చల్లగా ఉంటుంది. కొన్ని స్విచ్‌లు ఒక పక్కనుంచి గాలి పీల్చి ఇంకో పక్కకు వదులుతాయి. ఆ పక్కలు డబ్బా గోడకు, కేబుల్ కట్టలకు ఆనితే వాటి ఫ్యాన్లు ఉన్నా లేనట్టే. కొంచెం పెద్ద ర్యాకు ఉన్న గేటెడ్ కమ్యూనిటీలకు ఇంకో మాట. ఖాళీ వరుసలను ఉత్త రేకు ముక్కలతో మూసేయించండి. లేకపోతే వెనక వదిలిన వేడిగాలి ఆ ఖాళీల్లోంచి ముందుకు తిరిగి వచ్చి, మళ్లీ అదే గాలిని యంత్రాలు పీలుస్తాయి. పెద్ద పెద్ద డేటా సెంటర్లలోనూ ఇదే సూత్రం. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాల సముదాయాన్ని మన హైదరాబాద్‌లో మొదలుపెట్టింది. ఇలాంటి చోట్ల చల్లగాలి వరుస, వేడిగాలి వరుస అని విడదీసి, రెండూ కలవకుండా చూస్తారు. యంత్రాల ముందు గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది ఆ రంగంలో సాధారణంగా పాటించే హద్దు. మీకు అంత అవసరం లేదు. వేడిగాలి, చల్లగాలి కలవకూడదన్న ఆ ఒక్క ముక్క పట్టుకుంటే చాలు.

లిఫ్ట్ సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. అది నా పని కాదు గానీ, టెర్రస్ మీద లిఫ్ట్ మెషిన్ రూమ్ పక్కనే నా డబ్బా ఉంటుంది కాబట్టి రోజూ చూస్తుంటాను. పావురాలు గూడు పెడుతున్నాయని మెషిన్ రూమ్ కిటికీలకు ప్లైవుడ్ ముక్కలు కొట్టేస్తున్నారు. లోపల మోటారును నడిపే డ్రైవ్ ఉంటుంది. అది తన గుండా పోయే కరెంటులో మూడు శాతం దాకా వేడిగా వదులుతుంది. 7.5 కిలోవాట్ల డ్రైవ్ పూర్తి బరువు మీద నడుస్తున్నంతసేపు 200 వాట్ల పైనే. నిండు లిఫ్ట్ దిగేటప్పుడు వచ్చే శక్తిని కాల్చేసే రెసిస్టర్ పెట్టె దానికి అదనం. ఆ గదికి ఎండ పైనుంచి, వేడి లోపలినుంచి. డ్రైవ్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మే నెల మధ్యాహ్నం కరెంటు ఉన్నా లిఫ్ట్ మధ్యలో ఆగిందంటే, లోపల ఒక పెద్దావిడో, స్కూలు నుంచి వచ్చిన పిల్లాడో ఉండొచ్చు. దయచేసి ఆ ప్లైవుడ్ తీసేసి ఇనుప జాలీ కొట్టించండి. పావురాలు రావు, గాలి వస్తుంది. ఈ పని ఈ వారమే చేయించండి.

ఇంకో ప్రమాదం. వేడి ప్యానెళ్లలో ఎంసీబీలు (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే మీటలు) వాటి మీద రాసినదానికన్నా తక్కువ కరెంటుకే ట్రిప్ అవుతాయి. వాటి లెక్క 30 డిగ్రీల దగ్గర కట్టింది, 55 డిగ్రీల పెట్టెలో అవి ముందే పడిపోతాయి. మాటిమాటికీ పడుతోందని ఎవరో వచ్చి 16 ఆంపియర్లది తీసి 25ది వేసి వెళ్తారు. ఆ రోజు నుంచి ఎంసీబీ పడదు. కానీ ఆ వైరు 16కి సరిపోయేదే, రేపు నిజంగా లోడ్ పెరిగితే కాలేది వైరు. ట్రిప్ అవుతుంటే ముందు లోడ్ ఎంతో కొలిపించండి, తర్వాత ప్యానెల్‌కు గాలి ఆడుతోందో చూడండి.

ఏసీ పెట్టిస్తే పోదా అని చాలా కమిటీలు అడుగుతాయి. టన్ను ఏసీ అంటే 3500 వాట్ల వేడిని బయటికి మోసే యంత్రం. మీ డబ్బాలో ఉన్నది వంద వాట్లు. ఇరవై నాలుగు గంటలూ నడపాలి, కరెంటు పోయి వచ్చాక తనంతట తాను ఆన్ అయ్యేది కావాలి, దాని నీళ్ల పైపు ర్యాకు మీద కారకూడదు. ఏసీ ఉంది కదా అని డబ్బా చిల్లులన్నీ మూసేస్తే, ఏసీ ఆగిన రోజు పరిస్థితి మొదటికన్నా అన్యాయం. ర్యాకులు రెండు మూడు ఉన్న పెద్ద కమ్యూనిటీల్లో ఏసీ అవసరమే, కాదనను. ముప్పై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు అక్కర్లేదు. ఇక నీళ్ల కూలర్. ఎండాకాలంలో మన పొడి గాలికి కూలర్ మనుషులకు హాయే, అందుకే డబ్బాకు ఎదురుగా పెట్టే వాళ్లున్నారు. దయచేసి పెట్టొద్దు. ఆ తేమ, ఆ నీటి తుంపర్లలోని ఉప్పు బోర్డుల మీద పేరుకుంటాయి. బోరు నీళ్లు పోసిన కూలర్ ముందు రెండు నెలలున్న స్విచ్‌ను విప్పితే లోపల తెల్లటి పొర, పోర్టులకు పచ్చటి చిలుము.

వానాకాలం గురించి రెండే ముక్కలు. కింది దారికి సన్న జాలీ పెట్టించండి, బల్లులు, కందిరీగలు దూరకుండా. అడాప్టర్ మీద పడి చచ్చిన బల్లి మొత్తం ర్యాకును ఆపడం నేను మూడుసార్లు చూశాను. జాలీ పెడితే గాలి తగ్గుతుంది కాబట్టి చిల్లు పెద్దది చేయించండి.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. వచ్చే జనరల్ బాడీలో పది నిమిషాలు దీనికి ఇవ్వండి. వాచ్‌మన్‌కు ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్ కొనివ్వండి, తీగ లోపలికి పోయేది. తీగ డబ్బాలో పైభాగాన ఉండాలి, అంకె బయట కనబడాలి. మధ్యాహ్నం మూడింటికి చూసి గేటు రిజిస్టర్‌లో రాయమనండి. మంచినీళ్ల ట్యాంకర్ నంబర్ రాసే పుస్తకంలోనే ఒక గీత. 45 దాటితే సెక్రటరీ గారికి ఫోన్ చేయమనండి. ఫిల్టరు కడిగిన తేదీ కూడా అందులోనే రాయించండి. ఎన్‌వీఆర్ కూత ఆపి ఉంటే మళ్లీ ఆన్ చేయించండి. వారానికి ఒకరోజు ఎవరో ఒకరు ముందురోజు రికార్డింగ్ తెరిచి చూడండి. లైవ్ బొమ్మ కాదు, రికార్డింగ్. ఇల్లు కట్టించే బిల్డర్లు మీలో ఎవరైనా ఉంటే, ప్లాన్ గీసేటప్పుడే ఆ డబ్బాకు నీడ గోడ మీద ఒక చోటు, రెండు గాలి కన్నాలు గీయండి. తర్వాత గోడకు డ్రిల్ వేయడం కన్నా అది ఎంతో తేలిక.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఈ ఉత్తరం చదివాక మీ బిల్డింగ్‌లో ఆ డబ్బా తాళం చెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. ఒకటి గేటు దగ్గర, ఒకటి సెక్రటరీ గారి ఇంట్లో పెట్టించండి.

ఇట్లు,
మీ మేడల మీద పనిచేసే ఒక సర్వీస్ టెక్నీషియన్,
హైదరాబాద్